వచ్చాడా, వచ్చిందా? రోబో కథలు నూరేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న



ఈమధ్య మన ఇళ్ళలో పిల్లలు ఒక ప్రశ్న అడుగుతున్నారు. రేపు మనిషిలా నడిచి, మనిషిలా మాట్లాడే రోబో వస్తే దానికి హక్కులు ఉంటాయా? పెద్దవాళ్ళం నవ్వి ఊరుకుంటున్నాం. కానీ ఇది కొత్త ప్రశ్న కాదు. నూరేళ్ళ కిందటే దీన్ని నాటకంగా వేశారు. తరువాత కథలుగా రాశారు, సినిమాలుగా తీశారు. ఆ కథల్ని వరుసగా పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. యంత్రానికి హక్కు ఉందా అని అడిగిన చాలా కథలు, ఆ యంత్రం ఆడా, మగా, రెండూ కాదా, ఆ మాట ఎవరు చెప్పాలి అని కూడా అడిగాయి. మొదటి ప్రశ్న యంత్రాలది. రెండోది మాత్రం మన ఇళ్ళది, మన సంఘానిది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ముందు మన భాష సంగతి చెప్పాలి. నేను బడిలో చదివింది తమిళంలో. తెలుగు ఇంట్లో వచ్చింది. రెండు భాషలూ పక్కపక్కన పెట్టుకుని పెరిగినవాళ్ళకు ఒక తేడా తొందరగా కనబడుతుంది. తమిళంలో మగవాడు వస్తే 'వందాన్', ఆడమనిషి వస్తే 'వందాళ్', ఆవో బండో వస్తే 'వందదు'. మూడూ వేరు. తెలుగులో మగవాడు వస్తే 'వచ్చాడు'. మిగిలిన అందరికీ, అన్నిటికీ 'వచ్చింది'. అక్క వచ్చింది, ఆవు వచ్చింది, రైలు వచ్చింది. మూడింటికీ ఒకటే ముగింపు.

ఇది మనం వాడుకలో చేసిన పొరపాటు కాదు, వ్యాకరణమే అంత. మన శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పిన పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో దీన్ని సూత్రంగా పెట్టాడు. మహత్తులు అంటే మగవాళ్ళు. స్త్రీలు, జంతువులు, ప్రాణం లేనివి ఆ లెక్కలోకి రావు. అయితే బహువచనం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఆవులు 'వచ్చాయి', రైళ్ళు 'వచ్చాయి', కానీ ఆడవాళ్ళు 'వచ్చారు'. ఒక్కతే ఉన్నంతసేపు రైలుతో సమానం. నలుగురు కలిస్తే మనిషితో సమానం. సంఘం పెట్టుకున్న మనలాంటివాళ్ళు ఈ మాటను మనసులో పెట్టుకోవాలి. కింద మళ్ళీ అవసరం వస్తుంది.

తమిళ వ్యాకరణం ఇంకో రకం. అక్కడ లోకం మొత్తాన్ని రెండు తిణైలుగా విడగొట్టారు. ఉయర్తిణైలో మనుషులు, అఃరిణైలో మిగిలినవి. మరి ఆడా మగా అని చెప్పలేనివాళ్ళ సంగతేమిటి? దేవుళ్ళ సంగతేమిటి? తొల్కాప్పియం ఈ రెండు రకాలవారినీ ఒకే సూత్రంలో పక్కపక్కన పెట్టింది. వాళ్ళకంటూ వేరే క్రియా ముగింపు లేదు, మనుషులకు వాడే ముగింపులే వాడాలి అని చెప్పింది. అంటే వాళ్ళను అఃరిణైలోకి తొయ్యలేదు, మనుషుల వైపే ఉంచింది. దేవుడికీ వాళ్ళకూ ఒకే సూత్రం. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక కథల్లోకి వద్దాం. 'రోబో' అనే మాట పుట్టింది చెక్ భాషలో. కారెల్ చాపెక్ అనే రచయిత 1920లో 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం అచ్చు వేయించాడు. 1921 జనవరిలో ప్రాగ్ నగరంలోని నేషనల్ థియేటర్లో ఆడారు. ఆ పాత్రలకు ఏం పేరు పెట్టాలో తోచక ఆయన తన అన్న జోసెఫ్‌ను అడిగాడు. చిత్రకారుడైన ఆ అన్న చెప్పిన మాటే రోబో. చెక్ భాషలో 'రోబోటా' అంటే వెట్టిచాకిరి. దొర పొలంలో రైతు కూలి లేకుండా చెయ్యవలసిన పని. ఆ దేశంలో ఆ పద్ధతిని 1848లో రద్దు చేశారు. కాబట్టి రోబో అన్న మాటకు మొదటి అర్థం ఇనుప బొమ్మ కాదు, వెట్టివాడు. ఆ నాటకంలో రోబోలు ఇనుముతో చేసినవి కూడా కావు. మాంసం లాంటి ఒక పదార్థాన్ని కలిపి, అచ్చు మనిషి రూపంలో ఫ్యాక్టరీలో తయారు చేస్తారు.

ఆ ఫ్యాక్టరీ ఒక దీవిలో ఉంటుంది. అక్కడికి హెలెనా అనే అమ్మాయి వస్తుంది. రోబోలకు హక్కులు కావాలని పోరాడే ఒక సంఘం తరఫున వస్తుంది. అంటే రోబో అన్న మాట పుట్టిన నాటకంలోనే రోబో హక్కుల సంఘం కూడా పుట్టింది. మేనేజరు తన టైపిస్టును పరిచయం చేస్తాడు. ఆమె పేరు సుల్లా. హెలెనా ఆమెను మనిషి అనుకుంటుంది. ఈమె రోబో అంటే నమ్మదు. నమ్మకపోతే కోసి చూపిస్తాను అంటాడు మేనేజరు. కొంచెంసేపటికి ఫ్యాక్టరీ అధికారులు లోపలికి వస్తే, హెలెనా వాళ్ళను రోబోలు అనుకుని, మిమ్మల్ని విడిపించడానికే వచ్చానని చెబుతుంది. చూసినవాళ్ళు బాగా నవ్వుకునే ఘట్టం. కానీ అందులో ఉన్న విషయం చిన్నది కాదు. ఒంటిని చూసి ఎవరు మనిషో, ఎవరు కాదో చెప్పలేం అన్నదే ఆ విషయం.

ఇంకో చిన్న సంగతి ఉంది. సుల్లా అనేది పాత రోము దేశపు సేనాధిపతి పేరు, మగవాడి పేరు. మారియుస్, సుల్లా ఇద్దరూ ఒకరితో ఒకరు యుద్ధం చేసిన సేనాధిపతులు. ఫ్యాక్టరీవాళ్ళకు చరిత్ర తెలియక, వాళ్ళు ప్రేమికులేమో అనుకుని ఒకటి ఆడరోబోకు, ఒకటి మగరోబోకు పెట్టేశారు. ఈ రోబోలకు పిల్లలు పుట్టరు, ఒకరిమీద ఒకరికి ఆశ ఉండదు. మరి ఆడరోబోలు ఎందుకు? మేనేజరు చెప్పే జవాబు ఇది: ఇంటిపనికి, దుకాణానికి, టైపు మిషను దగ్గరికి ఆడవాళ్ళు కావాలని కొనేవాళ్ళు అడుగుతున్నారు, జనానికి అదే అలవాటు. అంటే ఆ ఒంటికి ఆడా మగా తేడా లోపలి నుంచి రాలేదు, ఆర్డరు పుస్తకం నుంచి వచ్చింది. ఈ రోజు మన రైల్వే స్టేషన్లలో ప్రకటనలు చేసే గొంతు, ఫోన్లో దారి చెప్పే గొంతు ఎక్కువగా ఆడగొంతులే ఎందుకయ్యాయో ఆలోచించండి. జవాబు 1920 నాటకంలోనే ఉంది. యాపిల్ కంపెనీ 2021లో తన ఇంగ్లీషు సహాయకికి ముందుగానే ఆడగొంతు పెట్టి ఇవ్వడం మానేసి, కొన్నవాళ్ళనే ఎంచుకోమంది. ఆ చిన్న మార్పుకు నూరేళ్ళు పట్టింది.

నాటకం చివరికి రోబోలు ఏకమై తిరగబడతాయి. విడివిడిగా ఉన్నంతకాలం సుల్లాను కోస్తామంటే అడ్డుచెప్పినవాళ్ళు లేరు, హెలెనా తప్ప. సుల్లా కూడా అభ్యంతరం చెప్పలేదు. కలిసిన తరువాత కథ వేరు. మన బహువచనం సంగతి ఇదే.

ఆ తరువాత 1927లో జర్మనీలో 'మెట్రోపోలిస్' అనే మూకీ సినిమా వచ్చింది. అందులో ఒక శాస్త్రజ్ఞుడు లోహపు స్త్రీని తయారు చేసి, దానికి మరియా అనే మంచి అమ్మాయి రూపం ఇస్తాడు. అసలు మరియా కూలీలకు శాంతి చెబుతుంది. యంత్ర మరియా వాళ్ళను రెచ్చగొడుతుంది. చివరికి జనం ఆ యంత్రాన్ని మంత్రగత్తె అని కట్టి కాలుస్తారు. కాలిన తరువాతే లోపలి లోహం బయటపడుతుంది. విచారణ లేదు, కోర్టు లేదు. ఆడరూపంలో ఉన్న యంత్రానికి ఆ కాలపు కథ ఇచ్చిన ముగింపు ఇది.

మగరూపానికి మాత్రం కోర్టు దొరికింది. 1939లో అమెరికా పత్రికలో ఈయాండో బైండర్ పేరుతో 'ఐ, రోబో' అనే కథ వచ్చింది. ఎర్ల్, ఆటో అనే ఇద్దరు అన్నదమ్ములు తమ పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు అది. ఆడమ్ లింక్ అనే రోబో తనను చేసిన శాస్త్రజ్ఞుణ్ణి చంపిందని నింద పడుతుంది. తరువాతి కథలో కోర్టు విచారణ జరుగుతుంది. ఇంకా తరువాత దానికి జోడీగా ఈవ్ అనే ఆడరోబో వస్తుంది. మనిషి అనిపించుకోవాలంటే మగ పేరు, కోర్టు, పెళ్ళాం, ఈ మూడూ ఉండాలన్నట్టు రాశారు.

1944లో ఒక స్త్రీ ఈ దారి మార్చింది. ఆమె సి.ఎల్. మూర్. పూర్తి పేరు కాథరిన్ లూసిల్. ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, కథల మీద డబ్బు వస్తుందని పైవాళ్ళకు తెలియకూడదని పొడి అక్షరాలతో రాసేది. పొడి అక్షరాలు చూసి చాలామంది పాఠకులు మగవాడు రాశాడనుకున్నారు. ఆమె కథ 'నో వుమన్ బోర్న్'. డీడ్రా అనే పేరున్న నాట్యకత్తె థియేటర్లో మంటల్లో కాలిపోతుంది. మెదడు ఒక్కటే మిగులుతుంది. దాన్ని బంగారు రంగు లోహపు ఒంట్లో పెడతారు. ఆమె మళ్ళీ వేదిక ఎక్కి నాట్యం చేస్తానంటుంది. ఆ ఒళ్ళు చేసినాయన, ఆమె పాత మేనేజరు, ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఈమె ఇంకా ఆడదేనా, ఇంకా మనిషేనా అని తర్జనభర్జన పడుతుంటారు. ఆమె మాత్రం నేను నేనే అంటుంది. మేనేజరు కూడా ఆమెను పోల్చుకున్నది ముఖం చూసి కాదు, ఆమె కదిలే తీరు చూసి. ఇక్కడ మొదటిసారి ప్రశ్న తిరగబడింది. ఒంటిని చూసి మేం చెబుతాం అనేవాళ్ళు ఒకవైపు, లోపల ఉన్నది నేను, నేను చెబుతాను అనే మనిషి ఇంకోవైపు.

మన తమిళనాడులో దీనికి తారుమారుగా ఒక సంగతి జరిగింది. రంగరాజన్ అనే ఇంజనీరు కథలు రాయడం మొదలుపెట్టినప్పుడు అదే పేరుతో ఇంకో రచయిత ఉండటంవల్ల తన భార్య పేరు సుజాత పెట్టుకున్నారు. ఆ సుజాతే 'ఎన్ ఇనియ ఇయందిరా' రాశారు. జీనో అనే రోబో కుక్క కథ. ఆనంద వికటన్‌లో వారం వారం వచ్చింది, దూరదర్శన్‌లోనూ వచ్చింది. మన వయసువాళ్ళు చాలామంది తమిళంలో మొదట ఎరిగిన రోబో జీనోయే. అమెరికాలో ఆడమనిషి రాస్తే మగవాడనుకున్నారు. ఇక్కడ మగవాడు ఆడపేరుతో రాస్తే ఎవరూ తప్పుపట్టలేదు. పేరు ఆయన ఎంచుకున్నారు, జనం ఒప్పుకున్నారు. అంతే కదా కావలసింది.

ఇప్పుడు అన్నిటికంటే పేరున్న కథ దగ్గరికి వద్దాం. ఐజాక్ అసిమోవ్ 1976లో రాసిన 'ది బైసెంటెనియల్ మ్యాన్'. ఆండ్రూ అనే రోబో ఒక ఇంట్లో పనికి వస్తుంది. చెక్క మీద బొమ్మలు చెక్కడంలో నేర్పు చూపిస్తుంది. యజమాని మంచివాడు, అమ్మగా వచ్చిన డబ్బులో సగం దాని పేరున బ్యాంకులో వేస్తాడు. ఆ డబ్బుతోనే తన స్వేచ్ఛ కొనుక్కుంటానంటుంది ఆండ్రూ. కోర్టుకు వెళతారు. స్వేచ్ఛ అంటే ఏమిటో తెలిసి, అది కావాలని కోరుకునే బుద్ధి ఉన్న వస్తువుకు దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదని జడ్జి తీర్పు ఇస్తాడు. ఇదే 1976లో మన పార్లమెంటు వెట్టిచాకిరి పద్ధతిని రద్దుచేస్తూ చట్టం చేసింది. వెట్టి అనే అర్థంతో పుట్టిన పేరున్న రోబో కథల్లో స్వేచ్ఛ పొందిన సంవత్సరం, మన దేశంలో వెట్టివాళ్ళకు చట్టం వచ్చిన సంవత్సరం ఒకటే. రెండింటికీ సంబంధం ఉందని నేను అనను. కానీ పక్కపక్కన పెట్టి చూడదగ్గవి.

స్వేచ్ఛ వచ్చినా ఆండ్రూ కష్టం తీరలేదు. బట్టలు వేసుకుంటే జనం నవ్వారు. దారిలో ఇద్దరు కుర్రవాళ్ళు పట్టుకుని బట్టలు విప్పమన్నారు, తరువాత ముక్కలుగా విడగొట్టాలని చూశారు. మనిషి మాట వినాలన్న నియమం లోపల ఉంది కాబట్టి ఆండ్రూ ఎదురు చెప్పలేకపోయింది. ఈ ఘట్టం చదివితే నాకు రోబో గుర్తు రాదు. మన బస్టాండుల్లో, రైలు పెట్టెల్లో తిరునంగైలను పట్టుకుని గేలిచేసే కుర్రవాళ్ళు గుర్తుకొస్తారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ దృశ్యాలు చూశాను.

ఆండ్రూ తరువాత ఏం చేసింది? ఒళ్ళు మార్చుకోవడం మొదలుపెట్టింది. ముందు లోహపు ఒళ్ళు తీసేసి మనిషిలాంటి ఒళ్ళు. తరువాత తిని అరిగించుకునే అవయవాలు. ఒక్కొక్కటి మార్చుకున్నప్పుడల్లా ఇప్పుడైనా మనిషినని ఒప్పుకోండి అని అడిగింది. అవి చాలవన్నారు. చివరికి నీ మెదడు చావదు, మేం చస్తాం, అందుకే ఒప్పుకోలేకపోతున్నాం అని తేలింది. ఆండ్రూ తన మెదడు కూడా మెల్లగా ఆరిపోయేలా చేయించుకుంది. రెండువందల ఏళ్ళు నిండిన నాడు ప్రపంచ అధ్యక్షుడు దాన్ని మనిషిగా ప్రకటించాడు. ఆ కొద్దిసేపటికే ప్రాణం పోయింది. 1999లో ఇది సినిమాగా వచ్చినప్పుడు ప్రేమ, పెళ్ళి కూడా చేర్చారు.

ఈ కథ చదివి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఎందరో. నాకు మాత్రం కోపం వస్తుంది. గుర్తింపు ఇవ్వడానికి ఒళ్ళు కోసుకోవాలా? ఎంత కోసుకుంటే చాలు? ఆ గీత ఎవరు గీస్తారు? సరిగ్గా ఈ ప్రశ్నలే మన దేశంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ తీర్పు ఇచ్చారు. ఆడో, మగో, మూడో రకమో ఆ మనిషే నిర్ణయించుకోవచ్చు, దానికి ఆపరేషన్ చేయించుకుని రమ్మని అడగడం చట్టవిరుద్ధం అన్నారు. అప్పటికే 2008లో తమిళనాడు తిరునంగైల కోసం సంక్షేమ బోర్డు పెట్టింది. దేశంలో అదే మొదటిది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం మాత్రం కొంచెం వెనక్కి నడిచింది. ట్రాన్స్‌జెండర్ అని రాయించుకోవడానికి కలెక్టరు సర్టిఫికెట్ కావాలంది. ఆడ అనో మగ అనో రాయించుకోవాలంటే ఆపరేషన్ అయినట్టు ఆసుపత్రి నుంచి కాగితం తెమ్మంది. ఆండ్రూ కథలోని ప్రభుత్వం కూడా ఇదే కాగితం అడిగింది.

అదే 2019లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఇంకో మాట చెప్పింది. తూత్తుకుడిలో గుడిలో జరిగిన ఒక పెళ్ళిని, పెళ్ళికూతురు తిరునంగై అని రిజిస్ట్రారు నమోదు చెయ్యనన్నాడు. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికూతురు అన్న మాటకు తిరునంగై కూడా వస్తుందని కోర్టు తీర్పు ఇచ్చింది. ఒక మాటకు అర్థం కొంచెం పెద్దది చేస్తే ఒక కుటుంబం నిలబడింది.

కథల్లో ఈ మలుపు 1989లోనే వచ్చింది. అమెరికా టీవీలో 'స్టార్ ట్రెక్' అనే సీరియల్లో డేటా అనే యంత్రమనిషి ఓడలో ఆఫీసరుగా ఉంటాడు. ఒక శాస్త్రజ్ఞుడు డేటాను విప్పి చూసి, అలాంటివి వెయ్యి తయారు చేస్తానంటాడు. డేటా ఒప్పుకోడు, రాజీనామా ఇస్తాడు. యంత్రం సంస్థ ఆస్తి, ఆస్తి రాజీనామా ఎలా ఇస్తుంది అని అడ్డుపడతారు. విచారణ జరుగుతుంది. ఆ భాగం రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ అంతకుముందు వకీలుగా పనిచేసింది. 1857లో అమెరికా సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ అనే బానిసకు పౌరుడి హక్కు లేదని చెప్పిన తీర్పును మనసులో పెట్టుకుని రాసింది. కథలోని జడ్జి డేటాకు ఆత్మ ఉందో లేదో నేను చెప్పలేను, కానీ ఎంచుకునే హక్కు ఉంది అంటుంది. ఒళ్ళు ఏమిటి, లోపల ఏముంది అన్న విచారణే పక్కన పెట్టేసింది.

మరుసటి ఏడు 1990లో డేటా ఒక బిడ్డను తయారు చేస్తాడు. పేరు లాల్. హిందీ మాట, ముద్దుబిడ్డ అని అర్థం. ఆ బిడ్డకు మొదట ఆడా మగా అన్న గుర్తేమీ ఉండదు. ఏ రూపం కావాలో నువ్వే ఎంచుకో అంటాడు తండ్రి. బిడ్డ చాలా రూపాలు చూసి, చివరికి ఒక మానవ స్త్రీ రూపం ఎంచుకుంటుంది. తరువాత పైఅధికారి వచ్చి ఆ బిడ్డను తండ్రి దగ్గర నుంచి తీసుకుపోవాలని చూస్తాడు. కన్నబిడ్డ మాటను తండ్రి ఒప్పుకుంటే బయటివాళ్ళు ఎలా అడ్డుపడతారో ఆ ముప్పావు గంట కథలో ఉంది.

2010లో మన దగ్గర 'ఎందిరన్' వచ్చింది, తెలుగులో 'రోబో'. సుజాత చనిపోయాక విడుదలైంది. అందులో చిట్టి కూడా కోర్టుకెక్కుతుంది. చిట్టిని విప్పేయమని కోర్టు ఆజ్ఞ ఇస్తుంది, చిట్టి తనంతట తానే ఒక్కొక్క భాగం విప్పుకుంటుంది. మనం అందరం చూసిన సినిమాయే కానీ ఒక సంగతి గమనించాలి. ఆ కోర్టులో చిట్టి వాది కాదు, ప్రతివాది కాదు, చెడిపోయిన వస్తువు. డేటాకు దొరికిన విచారణ చిట్టికి దొరకలేదు.

2013లో ఆన్ లెకీ 'యాన్సిలరీ జస్టిస్' రాసింది. దాంట్లో కథ చెప్పేది ఒక అంతరిక్ష ఓడ మెదడు. ఒకప్పుడు వేల ఒళ్ళు ఉండేవి, ఇప్పుడు ఒక్క మనిషి ఒళ్ళు మిగిలింది. ఆ ఓడ మాతృభాషలో ఆడా మగా తేడా లేదు, అందరికీ ఒకే సర్వనామం. ఇంగ్లీషులో ఆ చోట అందరికీ స్త్రీ సర్వనామమే వాడింది రచయిత్రి. ఇతర దేశాల భాష మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ ఓడ తడబడుతుంది, ఎదుటివాళ్ళు ఆడో మగో పోల్చుకోలేక తప్పు మాట అనేస్తానేమోనని భయపడుతుంది. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష మాట్లాడే మనకు ఆ తడబాటు తెలుసు.

ఇక 2017. ఈ ఒక్క సంవత్సరంలో ఎన్ని జరిగాయో చూడండి. ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంటు, బాగా తెలివి ఉన్న రోబోలకు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' అనే హోదా ఇవ్వడం గురించి ఆలోచించమని తీర్మానం చేసింది. నష్టం జరిగితే ఎవరు కట్టాలన్నదే వాళ్ళ ముఖ్యమైన దిగులు. మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమున నదులు చట్టం దృష్టిలో వ్యక్తులు అంది. జూలైలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. అక్టోబరులో సౌదీ అరేబియా రియాద్ సమావేశంలో సోఫియా అనే ఆడరూపపు రోబోకు పౌరసత్వం ప్రకటించింది. ఆ దేశంలో నిజమైన ఆడవాళ్ళు కారు నడపడానికి అనుమతి అమల్లోకి వచ్చింది మాత్రం 2018 జూన్‌లో. బొమ్మకు ముందు, మనిషికి తరువాత.

అదే 2017లో మార్తా వెల్స్ రాసిన 'ఆల్ సిస్టమ్స్ రెడ్' వచ్చింది. కాపలా కాసే యంత్రమనిషి కథ. సగం మాంసం, సగం యంత్రం. ఒక కంపెనీ ఆస్తి. తనను అదుపులో పెట్టే పరికరాన్ని తనే పాడుచేసుకుని, ఎవరికీ చెప్పకుండా సీరియళ్ళు చూసుకుంటూ ఉంటుంది. దానికి ఆడా మగా లేదు, అక్కర్లేదు. మనిషి కావాలనే కోరికా లేదు. 'అది' అంటేనే దానికి ఇష్టం. చివరికి మంచివాళ్ళు దాన్ని విడిపిస్తారు, కానీ వాళ్ళ ఊళ్ళో చట్టప్రకారం ఒక సంరక్షకుడి కింద ఉండాలంటారు. అది చెప్పకుండా వెళ్ళిపోతుంది. ఆండ్రూ మనిషి అనిపించుకోవడానికి ప్రాణం ఇచ్చాడు. ఇది నేను నాలాగే ఉంటాను అంది. నలభై ఏళ్ళలో కథ ఇంత దూరం వచ్చింది.

'అది' అన్న మాట గురించి ఇక్కడే చెప్పాలి. ఒకరు తమంతట తాము కోరుకుంటే 'అది' కూడా గౌరవమే. కోరుకోనివాళ్ళను మనం 'అది' అంటే అవమానం. మన ఇళ్ళలో పనిమనిషిని 'అది వచ్చిందా' అంటాం. తిరునంగైని 'అది' అంటాం. యజమానురాలిని 'ఆవిడ వచ్చారా' అంటాం. వ్యాకరణం ఇచ్చిన ముగింపు ఒకటే అయినా, ఎవరికి 'వచ్చింది', ఎవరికి 'వచ్చారు' అన్నది మన ఇష్టం మీదే ఉంది. 'వచ్చారు' అనడానికి ఒక్క అక్షరం ఖర్చు కూడా ఎక్కువ కాదు. ఆడా మగా అని అడగవలసిన అవసరమూ ఉండదు.

చట్టం కూడా ఒళ్ళు చూసి మాత్రమే వ్యక్తి అనదు. 1925లో కలకత్తాకు చెందిన మల్లిక్ కుటుంబం కేసులో ప్రీవీ కౌన్సిల్, ఆ కుటుంబం పూజించే విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తి అని, దాన్ని ఎక్కడికి తరలించాలన్న విషయంలో దాని ఇష్టాన్ని కూడా దాని తరఫున ఒకరు కోర్టుకు చెప్పాలని అంది. ప్రాగ్ నాటకానికి నాలుగేళ్ళ తరువాత. రాతి విగ్రహానికి ఇష్టం ఉంటుందని మన కోర్టులు నూరేళ్ళ నాడే ఒప్పుకున్నాయి. మన గుళ్ళ ఆస్తులు ఆ లెక్కనే దేవుడి పేరున ఉన్నాయి. దేవుడికీ, ఆడామగా అని చెప్పలేనివాళ్ళకూ తొల్కాప్పియం ఒకే సూత్రం పెట్టింది కదా. దేవుడికి ఇచ్చినదాన్ని రెండోవాళ్ళకు ఇవ్వడానికి మనకెందుకు ఇన్ని కాగితాలు?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను మనుషుల్ని యంత్రాలతో పోల్చడం లేదు. యంత్రాలకు ఓటు కావాలని కూడా అనడం లేదు. రచయితలు యంత్రం పేరు చెప్పి మనిషి సంగతే రాశారు. వెట్టివాడి సంగతి, బానిస సంగతి, టైపిస్టు సంగతి, కాలిపోయిన నాట్యకత్తె సంగతి. యంత్రానికి హక్కు ఇవ్వాలా అని గంటసేపు వాదించుకోగల మనం, మన వీధిలో మనిషి దగ్గర ఎందుకు తడబడతాం అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు మన సంఘం సంగతి. మన కుటుంబాల డైరెక్టరీ మళ్ళీ అచ్చు వేయాలని అనుకుంటున్నాం. అందులో పేరు పక్కన పు, స్త్రీ అని రెండే గళ్ళు ఉన్నాయి. రైల్వే రిజర్వేషన్ ఫారంలో మూడో గడి వచ్చి చాలా ఏళ్ళయింది. మన డైరెక్టరీలో ఇంకా రాలేదు. మన కులంలో, మన సంఘంలో అలాంటి పిల్లలు లేరు అని కొందరు అంటారు. లేరు కాదు, డైరెక్టరీలో లేరు. తల్లిదండ్రులు ఏ గడిలో రాయాలో తెలియక ఆ బిడ్డ పేరే రాయకుండా వదిలేస్తున్నారు. ముగ్గురు పిల్లలుంటే ఇద్దరని రాస్తున్నారు. ఆ బిడ్డ పెళ్ళిళ్ళకు రాదు, పొంగలు కలయికకు రాదు, చదువు సాయానికి దరఖాస్తు పెట్టదు. ఊరు వదిలి వెళ్ళిపోతుంది.

నా కోరిక రెండే. ఒకటి, ఆ గడిలో ఎవరి సంగతి వాళ్ళు చెప్పినట్టు రాయాలి, సర్టిఫికెట్ అడగకూడదు. పేరు మార్చుకుని ఉంటే మార్చుకున్న పేరే వేయాలి. రెండు, రాయించుకోవడం ఇష్టం లేనివాళ్ళు ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు అని కింద ఒక వాక్యం వేయాలి. దీనికి అచ్చు ఖర్చు పెరగదు.

ఒక్కరే ఉంటే 'వచ్చింది', నలుగురితో కలిస్తే 'వచ్చారు' అని మన వ్యాకరణం అంటోంది. సంఘం ఉన్నది ఆ ఒక్కరిని నలుగురిలో కలపడానికే కదా. సర్వసభ్య సమావేశంలో ఈ విషయం మాట్లాడదాం. ఒప్పుకోనివాళ్ళు ఉంటే అక్కడే చెప్పండి, వింటాను.